ఈ-టైప్ బ్రేకు డిస్కులు: లేత్ పట్టించాలా, పెద్దవి వేయించాలా?

పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు జాగ్వార్ ఈ-టైప్ నడిపేవాళ్లలో చాలామందికి ఏదో ఒకనాడు ఎదురయ్యే ఇబ్బంది ఇది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కగానే స్టీరింగు చేతుల్లో వణుకుతుంది, పెడలు పాదాన్ని తిరిగి తంతుంది. ఆ వేగంలో చక్రం సెకనుకు దాదాపు 13 సార్లు తిరుగుతుంది కనుక తన్నులు కూడా అన్నే ఉంటాయి. వెంటనే వినిపించే తీర్పు ఒకటే: డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు బిళ్లలు, వంకర పోయాయి. ఆపైన సలహాలు రెండుగా చీలుతాయి. పాతకాలపు మెకానిక్ డిస్కులకు లేత్ పట్టించమంటాడు, అంటే వాటి ముఖాలను పలుచగా కోయించి చదును చేయించమంటాడు, విడిభాగాలు అమ్మే వ్యాపారి నాలుగు పిస్టన్ల కాలిపర్లు (రాపిడి ప్యాడ్లను డిస్కుకు రెండు వైపులా నొక్కే పట్లు), రంధ్రాలున్న పెద్ద డిస్కులు వేయించమంటాడు. రెండు సలహాల్లోనూ కొంత నిజం ఉంది. అయితే డిస్కు చేసే పని ఏమిటో, ఆ వణుకు ఎక్కడ పుడుతుందో తెలియకుండా రెండింటిలో ఏది పాటించినా డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ.

డిస్కు బ్రేకు ఆలోచన పాతదే. ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే బ్రిటన్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అది నిజంగా పరీక్షకు నిలబడింది మాత్రం 1950ల పరుగు పందేలలోనే. డన్‌లప్ కంపెనీతో కలిసి జాగ్వార్ తయారు చేసిన డిస్కు బ్రేకులతో సి-టైప్ కారు 1952లో రేసు డ్రైవర్ స్టెర్లింగ్ మాస్ చేతుల్లో ఫ్రాన్సులోని రాంస్ పందెం గెలిచింది, మరుసటి ఏడాది లెమాన్స్ 24 గంటల పందాన్ని సగటున గంటకు 170 కిలోమీటర్ల వేగంతో గెలుచుకుంది. డ్రమ్ము బ్రేకులున్న ప్రత్యర్థులు ప్రతి మలుపుకూ ముందుగానే వేగం తగ్గించుకోవలసి వస్తుంటే, సి-టైప్ డ్రైవర్లు చివరి క్షణం దాకా ఆగి బ్రేకు వేయగలిగారు. ఆ బ్రేకులను నెలల తరబడి పరీక్షించిన టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ 1961 మార్చిలో ఒక ఈ-టైప్‌ను ఇంగ్లండులోని కొవెంట్రీ నుంచి జెనీవా మోటారు ప్రదర్శనకు రాత్రికి రాత్రి నడుపుకుంటూ చేర్చాడు. ఈ-టైప్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులున్నాయి. ముందువి 11 అంగుళాల వ్యాసం, వెనుకవి 10 అంగుళాలు. తొలి రకాల్లో అవి మధ్యలో గాలి సందులు లేని గట్టి బిళ్లలు, మందం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు.

ఈ మందం అంకెను గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తరువాతి లెక్క అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. బ్రేకు బండిని ఆపుతుందని మనం అంటాం గానీ, అది నిజంగా చేసేది వేగాన్ని వేడిగా మార్చి దాచుకోవడం. మనిషితో, పెట్రోలుతో కలిపి 1,350 కిలోల బరువున్న కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలో ఉండే శక్తి సుమారు 1,300 కిలోజౌళ్లు. నాలుగు లీటర్లకు పైగా మామూలు నీళ్లను మరిగించడానికి ఆ వేడి సరిపోతుంది. బండిని పూర్తిగా ఆపితే అందులో 70 శాతం దాకా ముందు బ్రేకుల మీద పడుతుందనుకుంటే, ఒక్కో ముందు డిస్కు వంతుకు 450 కిలోజౌళ్లు వస్తాయి. ప్యాడ్లు రాసుకునే వలయం బరువు సుమారు మూడున్నర కిలోలు. పోత ఇనుముకు ఉన్న ఉష్ణగ్రాహక శక్తితో లెక్క వేస్తే, ఒక్కసారి ఆపినందుకే ఆ వలయం ఉష్ణోగ్రత 260 డిగ్రీల వరకు పెరుగుతుంది. ఆ వేడి గాలిలో కలవడానికి నిమిషాలు పడుతుంది, పుట్టడానికి మాత్రం ఐదారు సెకన్లు చాలు. కాబట్టి ఆ ఐదారు సెకన్లలో డిస్కుకు ఉన్న బరువే దానికి రక్ష.

ఇప్పుడు అదే డిస్కును రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు చొప్పున లేత్ మీద కోయించామనుకుందాం. మందం 10.7 మిల్లీమీటర్లకు దిగింది, బరువు దాదాపు ఆరో వంతు పోయింది. అదే వేగం నుంచి అదే విధంగా ఆపితే ఈసారి పెరుగుదల 310 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. వెంటవెంటనే రెండు మూడుసార్లు ఆపవలసి వస్తే ఈ తేడా పేరుకుంటూ పోయి, ప్యాడ్ల పట్టు సడలడానికీ సడలకపోవడానికీ మధ్య గీతగా మారుతుంది. కనీస మందం ఇంత ఉండాలని వర్క్‌షాప్ మాన్యువల్ గీత గీయడానికి కారణం డిస్కు విరిగిపోతుందన్న భయం ఒక్కటే కాదు, ఈ వేడి లెక్క కూడా. అందువల్ల లేత్ దగ్గరకు వెళ్లే ముందు మైక్రోమీటరుతో మందం కొలవడం తప్పనిసరి. కోత పూర్తయిన తరువాత మిగిలే మందం మాన్యువల్ చెప్పిన గీతకు పైన ఉండటమే చాలదు. ఆ తరువాత అరగడానికి కూడా కొంత మిగలాలి.

ఇక వణుకు సంగతి. వేడికి డిస్కు పళ్లెంలా వంగిపోతుందన్నది చాలా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. నిజంగా అలా వంగిన డిస్కులు లేకపోలేదు గానీ, రోడ్డు మీద తిరిగే కార్లలో అవి అరుదు. పెడలును తన్నేది డిస్కు వంకర కాదు, దాని మందంలో ఒక చోటికీ మరో చోటికీ ఉన్న తేడా. రెండు ప్యాడ్ల మధ్య నుంచి మందమైన భాగం పోతున్నప్పుడు పిస్టన్లు వెనక్కి నెట్టబడతాయి, ఆ ఒత్తిడి బ్రేకు ఆయిలు గుండా పాదం దాకా వస్తుంది, పలుచని భాగం రాగానే ఒత్తిడి పడిపోతుంది. ఇందుకు 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు. అది తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. కంటికి ఆనదు, వేలికి తగలదు, కాలికి మాత్రం తెలిసిపోతుంది.

ఈ తేడా ఎలా పుడుతుందన్నదే అసలు ప్రశ్న. డిస్కు హబ్బు (చక్రమూ డిస్కూ బిగించే మధ్య భాగం) మీద నిటారుగా కూర్చోకపోతే తిరిగేటప్పుడు కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు వల్ల మొదట్లో ఏ ఇబ్బందీ ఉండదు, కొత్త డిస్కులు వేసిన వారం రోజుల పాటు బండి పట్టులా నడుస్తుంది. అయితే బ్రేకు తొక్కకుండా వెళ్తున్నప్పుడు కూడా డిస్కులో ఒకే చోటు ప్రతి చుట్టులోనూ ప్యాడుకు తగులుతూ ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్లలో ఆ చోటు అరిగి పలుచబడుతుంది, లేదా ప్యాడు పదార్థం అక్కడ అంటుకుని మందమవుతుంది. దీనికి తోడు ఎర్రగా కాలేంత వేడిలో, అంటే 650 నుంచి 700 డిగ్రీలు దాటినప్పుడు, ఆ మచ్చల కింద ఇనుములో సిమెంటైట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది. అది చుట్టుపక్కల ఇనుములా అరగదు, రోజులు గడిచేకొద్దీ గుట్టలా పైకి తేలుతుంది. లేత్ టూలు కూడా దాని మీద సరిగా కోయలేక జారుతుంది, అందుకే అలాంటి డిస్కును లేత్ పట్టించినా నెల తిరక్కుండా వణుకు మళ్లీ మొదలవుతుంది.

కొవెంట్రీకి దగ్గరలో ఉండే మా మిత్రుడి 4.2 లీటర్ల ఇంజనున్న ఈ-టైప్ విషయంలో ఇదంతా కళ్లారా చూశాను. ఆయన అప్పటికే ఒకసారి డిస్కులకు లేత్ పట్టించారు, ఒకసారి కొత్తవి కొన్నారు, రెండుసార్లూ మూడు నాలుగు నెలలకే వణుకు తిరిగొచ్చింది. ఒక శనివారం చక్రం విప్పి, అయస్కాంతం స్టాండుకు డయల్ గేజీ (సన్నని ఊపును ముల్లుతో చూపే కొలత పరికరం) బిగించి, దాని మొనను డిస్కు అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి ఆనించి, డిస్కును చేత్తో మెల్లగా తిప్పాం. ముల్లు 0.18 మిల్లీమీటర్ల మేర ఊగింది. రోడ్డు కారుకు 0.1 దాటితేనే అనుమానించాలి. ముందుగా చక్రం బేరింగులో ఆట లేకుండా బిగించి మళ్లీ చూశాం, అంకె మారలేదు. ఈ కారులో ముందు డిస్కు హబ్బు వెనుక వైపు బోల్టులతో బిగించి ఉంటుంది కనుక, డిస్కు తీయాలంటే హబ్బును కూడా ఊడదీయక తప్పదు. తీసి చూస్తే, గతంలో కారును పునరుద్ధరించినవారు హబ్బులో డిస్కు ఆనే ముఖానికి కూడా మెరిసే నల్ల రంగు పూశారు. బోల్టుల బిగుతుకూ బ్రేకుల వేడికీ ఆ రంగు కొన్నిచోట్ల నలిగింది, కొన్నిచోట్ల పొరలా నిలిచింది. హబ్బు ముఖం దగ్గర 0.05 మిల్లీమీటర్ల హెచ్చుతగ్గు డిస్కు అంచుకు వచ్చేసరికి రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది, గొడుగు పిడిని కొద్దిగా తిప్పితే అంచు జానెడు ఊగినట్టు. రంగు మొత్తం గీకి, శుభ్రం చేసి, అదే డిస్కును తిరిగి బిగిస్తే ముల్లు 0.05 దగ్గర ఆగింది.

కథ అక్కడితో పూర్తి కాలేదు. డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మైక్రోమీటరుతో కొలిస్తే మందంలో 0.03 మిల్లీమీటర్ల తేడా కనిపించింది. హబ్బు తప్పు సరిదిద్దాం గానీ, ఆ తప్పు డిస్కు మీద అప్పటికే వేసిన ముద్ర పోలేదు. లేత్ పని నిజంగా అవసరమైన చోటు ఇదే. మూలకారణం తీసేసిన తరువాత దాని ఆనవాలును చెరపడానికే లేత్ పట్టించాలి. ఆ మూలాన్ని వదిలేసి లేత్ పట్టిస్తే గోడకు చెమ్మ ఆపకుండా సున్నం వేసినట్టే అవుతుంది.

లేత్ పనిలో కూడా మంచీ చెడూ ఉన్నాయి. లారీ డ్రమ్ములకు లేత్ పట్టించడం విజయవాడ ఆటోనగర్‌లో నిత్యం జరిగే పనే, డిస్కు మాత్రం అంతకన్నా సున్నితమైన పని. ఒక ముఖం కోసి, తిప్పి బిగించి రెండో ముఖం కోస్తే, తిప్పి బిగించడంలో వచ్చే లోపం నేరుగా మందంలో తేడాగా మారుతుంది. అందుకని డిస్కుకు చెరోవైపు ఒక టూలు నిలిపి రెండు ముఖాలనూ ఒకేసారి కోయడం సరైన పద్ధతి. ఇంకా మంచి మార్గం, ఈ-టైప్ లాంటి కారులో డిస్కును దాని సొంత హబ్బుకే బిగించి, బేరింగు కప్పులను ఆధారంగా పట్టుకుని రెండింటినీ కలిపి లేత్ మీద తిప్పడం. అప్పుడు హబ్బులో మిగిలిన చిన్న లోపం కూడా కోతలో కలిసిపోతుంది. విప్పేటప్పుడు హబ్బుకూ డిస్కుకూ ఎదురెదురుగా పంచితో ఒక్కో చుక్క కొట్టుకుంటే తిరిగి అదే స్థానంలో బిగించవచ్చు.

కోత లోతు వైపుకు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మరీ పలుచగా కోయబోతే టూలు లోపలికి దిగకుండా పైపైన రాసుకుంటుంది. టూలును తొందరగా జరిపితే ముఖం మీద గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు ఒకే సర్పిల గీత మిగులుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా అది ప్యాడును బయటికి లాగుతూ టక్కుమనిపిస్తుంది. చివరలో ఉప్పు కాగితంతో అడ్డదిడ్డంగా రుద్ది ఆ గీతను చెరపాలి. సిమెంటైట్ మచ్చలు నీలంగా కనిపిస్తుంటే లేత్ కన్నా గ్రైండింగ్ రాయి మేలు, మచ్చలు లోతుగా ఉంటే ఆ డిస్కును పక్కన పడేయడమే మేలు. పని అయ్యాక చాలామంది పెట్రోలు గుడ్డతో తుడిచి సరిపెడతారు. నిజానికి వేడినీళ్లు, సబ్బుతో కడగాలి, ఎందుకంటే కోతలో రాలిన ఇనుప పొడి, గ్రాఫైటు సన్నని గరుకులో దాక్కుని కొత్త ప్యాడ్లలోకి ఎక్కుతాయి.

పాత డిస్కును ఇంత శ్రమపడి బాగు చేయడం దండగ కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ముందు డిస్కులకు సంబంధించినంత వరకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మందం బాగా ఉంటే సన్నగా లేత్ పట్టించండి, గీతకు దగ్గరపడి ఉంటే కొత్తవి కొనండి. అయితే కొత్త డిస్కును కూడా పెట్టెలోంచి తీసి నేరుగా బిగించకుండా డయల్ గేజీకి చూపించండి.

వెనుక డిస్కులది వేరే లోకం. ఈ-టైప్‌లో అవి చక్రాల దగ్గర ఉండవు, కారు మధ్యలో డిఫరెన్షియల్‌కు (ఇంజను శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టెకు) రెండు పక్కలా అతుక్కుని ఉంటాయి. చక్రాల దగ్గర బరువు తగ్గితే స్ప్రింగుల మీద బండి నడక మెత్తగా ఉంటుందన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన, అది ఫలించింది కూడా. మూల్యం మెకానిక్ చెల్లిస్తాడు. డిస్కులు మార్చాలంటే వెనుక సస్పెన్షన్ మొత్తాన్ని దాని ఉక్కు చట్రంతో సహా కిందికి దించవలసి వస్తుంది. డిస్కుల వేడి డిఫరెన్షియల్ ఆయిలు సీళ్లను కాల్చేస్తుంది, సీళ్లు కారితే ఆ ఆయిలు తిరిగి డిస్కు మీదే పడుతుంది. వెనుక బ్రేకులు పట్టడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా టార్చి పట్టుకుని చూడవలసింది ఈ తడినే. పైగా యాక్సిల్ షాఫ్టు చివరి పళ్లేనికీ (ఫ్లాంజి) డిస్కుకీ మధ్య పెట్టే షిమ్ములు అనే పలుచని రేకు బిళ్లలతోనే వెనుక చక్రం వాలును సరిచేస్తారు, ఎందుకంటే ఈ కారులో ఆ షాఫ్టే సస్పెన్షన్ పై చేతి పని కూడా చేస్తుంది. బిగించే చోట మందం తేడాగా ఉన్న డిస్కు వేసి షిమ్ములను పట్టించుకోకపోతే బ్రేకు బాగుపడి టైరు ఒకవైపు అరగడం మొదలవుతుంది. చట్రం ఎలాగూ దించారు కనుక డిస్కులు, సీళ్లు, కాలిపర్ల రబ్బర్లు అన్నీ ఒకేసారి మార్చడం మంచిది. అక్కడ పాత డిస్కుకు లేత్ పట్టించి పొదుపు చేయబోతే కూలి ఖర్చు రెండోసారి మీద పడవచ్చు.

ఇక పెద్ద డిస్కుల మాట. 11 అంగుళాల డిస్కు స్థానంలో 12 అంగుళాలది వేస్తే ప్యాడు నొక్కే చోటు ఇరుసుకు ఇంకొంచెం దూరమవుతుంది, అదే కాలి బలానికి ముందు చక్రాల మీద పట్టు సుమారు పదో వంతు పెరుగుతుంది. వినడానికి బాగుంది. అయితే బండిని చివరికి ఆపేది టైరు. ముందు చక్రాలు తిరగకుండా బిగిసిపోయేంత బలం అసలు బ్రేకులకే ఉన్నప్పుడు ఆగే దూరం ఒక్క మీటరు కూడా తగ్గదు, పైగా వెనుక బ్రేకులు పాతవే కనుక ముందూ వెనుకల పొందిక చెడుతుంది. వెనుక టైర్లకు ఇంకా పట్టు మిగిలి ఉండగానే ముందు చక్రాలు జారడం మొదలవుతాయి. కాలిపర్ల సంగతి కూడా ఇంతే. పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగితే వాటిని కదిలించడానికి ఎక్కువ ఆయిలు కావాలి, పెడలు తొక్కితే ఆయిలును తోసే మాస్టర్ సిలిండరు పాతదే అయితే పెడలు లోతుగా దిగుతుంది. 15 అంగుళాల తీగ చక్రాల ఊచల లోపల లావు కాలిపర్‌కు చోటు ఉంటుందా అన్నది చాలామందికి డబ్బు కట్టేశాక గానీ గుర్తుకు రాదు.

గాలి సందులున్న డిస్కు మాత్రం అర్థవంతమైన మెరుగుదల, ఎందుకంటే అది వేరే సమస్యను పరిష్కరిస్తుంది. గట్టి డిస్కు ఒక్కసారి వచ్చే వేడిని దాచుకుంటుంది, గాలి సందుల డిస్కు మళ్లీ మళ్లీ వచ్చే వేడిని త్వరగా వదిలించుకుంటుంది. 1971లో 12 సిలిండర్ల ఇంజనుతో వచ్చిన మూడో రకం ఈ-టైప్‌కు జాగ్వారే ముందు వైపు అలాంటి డిస్కులు వేసింది. కొండ దారుల్లోనో, ట్రాకు మీదనో కారును కష్టపెట్టేవారికి అది తగిన దారి, ఆదివారం పూట ఊరి చివర దాకా వెళ్లొచ్చేవారికి తేడా తెలియదు. రంధ్రాల డిస్కుల మీద నాకు పెద్దగా గౌరవం లేదు. వేడెక్కిన పాతకాలపు ప్యాడ్ల నుంచి వచ్చే వాయువు తప్పించుకోవడానికి వాటితో ఒకప్పుడు పని ఉండేది. ఇప్పటి ప్యాడ్లకు ఆ అవసరం తక్కువ, రంధ్రం అంచుల నుంచి పగుళ్లు బయలుదేరే ప్రమాదం మాత్రం అలాగే ఉంది, వేడిని దాచే బరువు కూడా తగ్గుతుంది. సన్నని గాళ్లున్న డిస్కులు కాస్త నయం, ప్యాడు ముఖాన్ని తుడుస్తూ ఉంటాయి, కొద్దిగా చప్పుడు చేస్తాయి.

చాలా కార్లలో బ్రేకు పట్టు లేదన్న బాధకు మూలం డిస్కుల్లో అసలు ఉండనే ఉండదు. ఏడాదిలో ఎక్కువ భాగం కదలకుండా ఉండే కారులో కాలిపర్ పిస్టన్లు తుప్పు పట్టి ఇరుక్కుంటాయి, పాత రబ్బరు గొట్టాలు ఒత్తిడికి ఉబ్బుతాయి, బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడలు మెత్తగా నేల దాకా దిగుతుంది, ఎంత పెద్ద డిస్కు ఉన్నా అప్పుడు ఒరిగేదేమీ లేదు. ప్యాడ్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది గానీ, ఏళ్లుగా విప్పని పాత కారు కాలిపర్లలో ఆ కాలపు ప్యాడ్లు ఇంకా ఉండవచ్చు. అందులోని దుమ్మును గాలి గొట్టంతో ఊదకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయాలి.

డిస్కుకు లేత్ పట్టించినా, కొత్తది వేసినా, ప్యాడ్లు దానితో కుదురుకోవడానికి కొంత తిప్పాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల నుంచి 20కి ఒక మాదిరి ఒత్తిడితో పది సార్లు వేగం తగ్గించి, మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆపకుండా, చివరికి కొన్ని కిలోమీటర్లు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి పట్టి నిలబడితే ప్యాడు ఆకారం డిస్కు మీద అచ్చు పడుతుంది. అదే మచ్చ మళ్లీ వణుకుకు విత్తనమవుతుంది. మా మిత్రుడు ఈసారి ఎర్ర దీపం దగ్గర హ్యాండ్‌బ్రేకు లాగి పాదం తీసేయడం నేర్చుకున్నారు. రెండు వేల కిలోమీటర్లు తిరిగాక ఆ శనివారం వాడిన డయల్ గేజీనే మళ్లీ పెట్టి చూశాం. ముల్లు 0.05 దగ్గరే ఉంది, మైక్రోమీటరు ఎనిమిది చోట్లా ఒకే అంకె చూపించింది.